క్లారా బార్టన్: సేవకూ లెక్క ఉండాలి



తుఫాను వచ్చినా, వరద వచ్చినా, కరువు వచ్చినా చందాలు పోగుచేసి బాధితులను ఆదుకునే స్వచ్ఛంద సంస్థలు కొన్ని మనకు తెలుసు. వాటిలో రెడ్‌క్రాస్ పేరు వినని వారు అరుదు. అమెరికాలో ఆ సంస్థను స్థాపించి, 23 ఏళ్లపాటు నడిపి, సముద్రాలు దాటి పరదేశాల ఆకలి తీర్చిన స్త్రీమూర్తి క్లారా బార్టన్. అంతటి సేవకురాలు 82 ఏళ్ల వయసులో తాను స్థాపించిన సంస్థనుండే తప్పుకోవలసి వచ్చింది. ఆమె సుఖాలు మరిగిన మనిషి కాదు. జీతం పుచ్చుకోలేదు. అయినా ప్రజలిచ్చిన సొమ్ముకు సరైన లెక్క చూపలేదన్న అపవాదు ఆమెను వృద్ధాప్యంలో కుంగదీసింది. సేవాసంస్థ ఎవరికి జవాబుదారీ? ఇచ్చినవారికా, పుచ్చుకున్నవారికా, తన మనస్సాక్షికి మాత్రమేనా? ఈ ప్రశ్న నేటికీ తేలలేదు. అందుకే ఆమె జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం.

బిడియస్తురాలైన పంతులమ్మ

క్లారా 1821 డిసెంబరు 25న మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించింది. ఐదుగురు పిల్లల్లో చివరిది. కొత్తవారి ఎదుట నోరు విప్పలేనంత బిడియం ఆమెకు. ఆమెకు 11 ఏళ్లప్పుడు అన్న డేవిడ్ కొట్టం పైనుండి జారిపడి మంచం పట్టాడు. దాదాపు రెండేళ్లు ఆ పసిపిల్లే అన్నకు సపర్యలు చేసింది. రోగి పక్కన కూర్చున్నప్పుడు తన బిడియం మాయమవుతుందని అప్పుడే గ్రహించింది.

పదిహేడేళ్లు నిండగానే పంతులమ్మ అయింది. 1852లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బోర్డెన్‌టౌన్ వెళ్లినప్పుడు, ఫీజు కట్టలేని పేద పిల్లలు వీధుల్లో తిరుగుతూ కనిపించారు. మూడు నెలలు జీతం లేకుండా చెబుతాను, ఉచిత పాఠశాల పెట్టనివ్వండి అని పట్టణ పెద్దలను ఒప్పించింది. ఆరుగురితో మొదలైన ఆ బడి కొద్దికాలంలోనే వందల పిల్లలతో నిండిపోయింది. పట్టణంవారు సంతోషించి కొత్త భవనం కట్టించారు. కట్టించి, ఆమెకంటే ఎక్కువ జీతంతో ఒక పురుషుణ్ణి ప్రధానోపాధ్యాయుడిగా నియమించారు. తాను నాటిన చెట్టు నీడ తనకు దక్కలేదు. క్లారా రాజీనామా చేసి వాషింగ్టన్ వెళ్లిపోయింది. తరువాతి కాలంలో తన సంస్థ పగ్గాలను మరొకరి చేతికి ఇవ్వడానికి ఆమె ఎందుకంత జంకిందో అర్థం చేసుకోవాలంటే ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

వాషింగ్టన్‌లో పేటెంట్ ఆఫీసులో గుమాస్తాగా చేరింది. మగవారితో సమానంగా జీతం అందుకున్న తొలి మహిళా ఉద్యోగుల్లో ఆమె ఒకరు.

యుద్ధభూమిలో

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. గాయపడిన సైనికులకు కట్టు కట్టడానికి గుడ్డ లేదు, తినడానికి తిండి లేదు. క్లారా ఊరూరా ఉత్తరాలు రాసి దుప్పట్లు, మందులు, ఆహారపదార్థాలు సేకరించింది. 1862లో అధికారుల అనుమతి సంపాదించి, సామాను బండ్లతో నేరుగా యుద్ధరంగానికే వెళ్లింది. ఆ ఏడాది సెప్టెంబరు 17న యాంటీటం పోరులో ఒక క్షతగాత్రునికి నీళ్లు తాగిస్తుండగా, తూటా ఒకటి ఆమె చేతి గుడ్డను చీల్చుకుంటూ పోయి ఆ సైనికుణ్ణి బలిగొన్నది. ఆమె పని ఆపలేదు. యుద్ధభూమిలోని దేవదూత అని జనం ఆమెను పిలుచుకున్నారు.

యుద్ధం ముగిశాక ఆమె చేసిన పని మరీ గొప్పది. వేలాది సైనికులు ఏమయ్యారో ఇంటివారికి తెలియలేదు. చనిపోయారా, బతికున్నారా? ఎక్కడ పూడ్చారు? 1865లో క్లారా వాషింగ్టన్‌లోని తన అద్దెగదుల్లోనే తప్పిపోయిన సైనికుల ఆచూకీ కార్యాలయం తెరిచింది. 1868 వరకు ఆమెకు 63,000కు పైగా ఉత్తరాలు వచ్చాయి. పేర్ల జాబితాలు అచ్చువేయించి ఊళ్లకు పంపింది. 22,000 మందికి పైగా సైనికుల సంగతి తేల్చి ఇంటివారికి తెలియజేసింది. జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ చెరసాలలో చనిపోయిన ఖైదీల పేర్లను అట్‌వాటర్ అనే యువ సైనికుడు రహస్యంగా రాసి దాచాడు. ఆ జాబితా సాయంతో దాదాపు 13,000 సమాధులకు పేరు పలకలు పెట్టించే పనిలో క్లారా పాల్గొన్నది.

పాఠకులు ఒక్క విషయం గమనించాలి. ఈ పనికి ఆమె సొంత డబ్బు ఖర్చుపెట్టింది. 1866లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఆమెకు 15,000 డాలర్లు మంజూరు చేసింది. ఒక్కొక్క మనిషిని పేరుపేరునా లెక్కించి, ఇంటివారికి జవాబు చెప్పిన స్త్రీ ఆమె. జవాబుదారీతనం అంటే ఏమిటో ఆమెకు తెలియదని ఎవరూ అనలేరు. మనుషుల లెక్క ఆమెకు ప్రాణం. డబ్బు లెక్క దగ్గరే చిక్కు వచ్చింది.

రెడ్‌క్రాస్ స్థాపన

అలసిపోయిన క్లారా 1869లో విశ్రాంతికి ఐరోపా వెళ్లింది. జెనీవాలో డాక్టర్ లూయీ అప్పియా ఆమెను కలుసుకుని, రెడ్‌క్రాస్ గురించి చెప్పాడు. సోల్ఫెరినో యుద్ధంలో క్షతగాత్రుల దుస్థితి చూసి హెన్రీ డ్యూనాంట్ 1862లో రాసిన పుస్తకం, దాని ఫలితంగా 1864లో కుదిరిన జెనీవా ఒప్పందం ఆమెకు అప్పటివరకు తెలియవు. ఇంతలో 1870లో ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. ముట్టడిలో నాశనమైన స్ట్రాస్‌బర్గ్ నగరంలో క్లారా పేద స్త్రీలకు ఉచితంగా బట్టలు పంచి ఊరుకోలేదు. కుట్టుపని కేంద్రాలు పెట్టి, వారి చేత బట్టలు కుట్టించి, కూలి ఇచ్చింది. పుచ్చుకునేవారు బిచ్చగాళ్లు కారన్నది ఆమె నమ్మకం.

స్వదేశానికి తిరిగి వచ్చాక చాలాకాలం జబ్బుపడింది. కోలుకున్న తరువాత అమెరికా ప్రభుత్వాన్ని జెనీవా ఒప్పందంలో చేర్చడానికి ఏళ్ల తరబడి ప్రయత్నించింది. 1881 మే 21న అమెరికన్ రెడ్‌క్రాస్ వాషింగ్టన్‌లో ఏర్పడింది. క్లారా దాని అధ్యక్షురాలు. 1882 మార్చిలో ఒప్పందానికి అమెరికా ఆమోదం లభించింది. యుద్ధాల్లోనే కాదు, వరద, అగ్నిప్రమాదం, కరువు, అంటువ్యాధి వచ్చినప్పుడు కూడా రెడ్‌క్రాస్ సేవ చేయాలని ఆమె పట్టుబట్టింది. 1884లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సభ ఈ ఆలోచనను అంగీకరించింది. నేడు విపత్తు ఎక్కడ వచ్చినా ఆ సంస్థ జెండా అక్కడ కనిపిస్తున్నదంటే దాని వెనుక ఆమె కృషి ఉంది.

సముద్రాల కావల

1889లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని జాన్స్‌టౌన్ పైనున్న ఆనకట్ట తెగి 2,200 మందికి పైగా మరణించారు. క్లారా అక్కడ ఐదు నెలలు ఉండి ఇళ్లు లేనివారికి వసతి గృహాలు కట్టించింది. 1892లో రష్యాలో ఘోరమైన కరువు వచ్చినప్పుడు అయోవా రాష్ట్రపు రైతులు ఇచ్చిన మొక్కజొన్నలను ఓడకెత్తించింది. ఆ ధాన్యం పంపిణీని ఆమె సహచరుడు డాక్టర్ జూలియన్ హబ్బెల్ రష్యాలో పర్యవేక్షించాడు.

1893 ఆగస్టులో దక్షిణ కరోలినా తీరంలోని దీవులను తుఫాను ముంచెత్తింది. అక్కడ 30,000 మంది నిరాశ్రయులయ్యారు. వారిలో అత్యధికులు ఒకప్పటి బానిసలు, వారి సంతానం. చేతిలో ఉన్న డబ్బు బహు స్వల్పం. క్లారా ఆ డబ్బుతో తిండిగింజలతోపాటు విత్తనాలు కొన్నది. ఉప్పునీరు నిలిచిన పొలాల్లో కాలువలు తవ్వే పని పెట్టి, పనిచేసిన వారికి ఆహారం ఇచ్చింది. స్త్రీలు గుంపులుగా కూర్చుని వచ్చిన పాత బట్టలను బాగుచేసుకున్నారు. మరుసటి ఏడాదికి ఆ జనం తమ పంట తాము తినే స్థితికి వచ్చారు.

1896లో తుర్కీ సామ్రాజ్యంలో ఆర్మేనియన్లపై ఊచకోతలు జరిగినప్పుడు, 74 ఏళ్ల వయసులో క్లారా కాన్‌స్టాంటినోపుల్ వెళ్లింది. సుల్తాను ప్రభుత్వం మొదట వద్దన్నది. ఆమె ఓపికగా ఒప్పించి, తన మనుషులను అనటోలియా లోపలి ప్రాంతాలకు పంపింది. వారు జ్వరపీడితులకు వైద్యం చేశారు. రైతులకు విత్తనాలు, ఎడ్లు, పనిముట్లు ఇచ్చారు. 1898లో స్పెయిన్ సేనలు పల్లెవాసులను శిబిరాల్లో నిర్బంధించిన క్యూబాకు ఆహారం తీసుకుని వెళ్లింది. 1900లో గాల్వెస్టన్ తుఫాను బాధితుల మధ్య నిలిచేనాటికి ఆమెకు 78 ఏళ్లు.

లెక్కల దగ్గర చిక్కు

ఇంత పని చేసిన సంస్థకు ఒక కార్యాలయం అంటూ వేరుగా లేదు. మేరీలాండ్ రాష్ట్రంలోని గ్లెన్ ఎకోలో ఆమె కట్టించిన ఇల్లే రెడ్‌క్రాస్ గిడ్డంగి, ఆ ఇల్లే ప్రధాన కార్యాలయం, ఆ ఇల్లే ఆమె నివాసం. జాన్స్‌టౌన్‌లో విప్పిన కలపను తెచ్చి ఆ ఇంటికి వాడారు. ఆమె సొంత సామాను ఎక్కడ ముగిసిందో, సంస్థ సామాను ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. డబ్బు సంగతీ అంతే. విపత్తు వచ్చిన వెంటనే తన డబ్బు తీసి ఖర్చుపెట్టేది. చందాలు వచ్చాక అందులోనుండి తీసుకునేది. ఒక్కొక్క సేవాకార్యం ముగిశాక నివేదిక రాసేది, కొన్నింటికి జమాఖర్చులు అచ్చువేసింది కూడా. కానీ ఏటేటా, పద్ధతి ప్రకారం, బయటి మనిషి తనిఖీ చేసిన లెక్కలు మాత్రం లేవు. నమ్మకస్తులైన కొద్దిమందితోనే పని నడిపింది. ఇంకొకరికి అధికారం పంచడం ఆమెకు రుచించలేదు.

1900 జూన్‌లో కాంగ్రెస్ రెడ్‌క్రాస్‌కు చట్టబద్ధమైన హోదా ఇచ్చింది. దానితోపాటు ఏటా రాబడి, ఖర్చుల నివేదిక సమర్పించాలన్న నిబంధన పెట్టింది. అప్పటికి సంస్థలో చదువుకున్న కొత్త తరం చేరింది. వారిలో మేబుల్ బోర్డ్‌మన్ ముఖ్యురాలు. లెక్కలు ఎక్కడ అని ఆమె వర్గం అడిగింది. 1902 చివరలో జరిగిన సభలో క్లారా అనుయాయులు నియమావళి మార్చి, ఆమెను జీవితకాల అధ్యక్షురాలిని చేశారు. ప్రశ్నించినవారికి ఇది పుండు మీద కారం చల్లినట్లయింది. 1903 జనవరిలో దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ సంస్థతో తన పేరు, తన మంత్రుల పేర్లు ముడిపెట్టవద్దని తెలియజేశాడు.

1904లో సెనేటర్ రెడ్‌ఫీల్డ్ ప్రాక్టర్ నాయకత్వాన విచారణ కమిటీ కూర్చున్నది. 1893లో ఒక దాత ఇండియానా రాష్ట్రంలో రెడ్‌క్రాస్‌కు వందల ఎకరాల భూమి ఇచ్చాడు. ఆ భూమిని చూసేందుకు నియమించిన మనిషి వచ్చి, రష్యా కరువు సొమ్ములో కొంత ఆ భూమికి మళ్లిందని సాక్ష్యం చెప్పాడు. అతని మాట నమ్మదగినది కాదని తేలిపోయింది. కమిటీ విచారణను అక్కడితో వదిలేసింది. ఆమె తప్పు చేసిందని తీర్పు రాలేదు. నిర్దోషి అని గట్టిగా ప్రకటించనూ లేదు. 1904 మేలో క్లారా రాజీనామా చేసింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు లేదు. కానీ పొగను తోలివేయడానికి పద్దు పుస్తకమూ లేదు.

మరుసటి ఏడాది, 1905 జనవరిలో, కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం రెడ్‌క్రాస్ జమాఖర్చులను ఏటా ప్రభుత్వ యుద్ధశాఖ ఆడిట్ చేయాలి. క్లారా మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అదే 1905లో ప్రథమ చికిత్స నేర్పే సంఘాన్ని స్థాపించింది. 1912 ఏప్రిల్ 12న, 90 ఏళ్ల వయసులో, గ్లెన్ ఎకో ఇంట్లోనే కన్నుమూసింది.

ఎవరి పక్షం న్యాయం?

ఈ కథలో ఒకరిని దేవతను, మరొకరిని రాక్షసిని చేయడం సులువు. అది సత్యం కాదు. ప్రశ్న అడిగినవారిలో పదవీకాంక్ష లేదని చెప్పలేం. అయినా వారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. క్లారా నిజాయితీ మీద మచ్చ రుజువు కాలేదు. అయినా ఆమె ఇచ్చిన జవాబు చాలలేదు.

ఎందుకు చాలలేదు? తత్త్వశాస్త్రం చదివేవారు ఉద్దేశం వేరు, కార్యం వేరు అని విడదీసి చూస్తారు. ఉద్దేశం లోపల ఉంటుంది. దానికి మన మనస్సాక్షి ఒక్కటే సాక్షి. ఆ సాక్షి ఇతరుల ఎదుట మూగది. అయోవాలోని రైతు క్లారా హృదయంలోకి తొంగిచూడలేడు. అతడు చూడగలిగింది ఎన్ని బస్తాలు ఇచ్చాం, ఎన్ని చేరాయి అన్న కాగితం మాత్రమే. సొమ్ము నాదైతే నా మనస్సాక్షికి చెప్పుకుంటే సరిపోతుంది. సొమ్ము పరాయిదైనప్పుడు, అందులోనూ ఆకలిగొన్నవాడి పేర వచ్చినదైనప్పుడు, నన్ను నమ్మండి అన్న మాట లెక్కకు బదులు కాజాలదు. లెక్క చూపడం మంచివాడికి అవమానం కాదు, రక్షణ. ఆ రక్షణ లేకనే క్లారా ఒక అబద్ధపు సాక్ష్యం ముందు నిస్సహాయురాలైంది.

ఇంకొక సంగతి ఉంది. దాతలకు లెక్క చెప్పడం ఒక దిక్కు. బాధితులకు జవాబు చెప్పడం రెండో దిక్కు. మొదటి దిక్కులో తడబడిన క్లారా రెండో దిక్కులో నేటి సంస్థలకు సైతం పాఠం చెప్పగలదు. దీవులవారికి ఏం కావాలో చూసి విత్తనాలు ఇచ్చింది. వాళ్ల చేతులకు పని ఇచ్చింది. నెలల తరబడి వాళ్ల మధ్యే ఉన్నది. ఎవరైనా వచ్చి అడగాలనుకుంటే ఆమె ఎదురుగానే ఉండేది.

నేటి సంస్థల సంగతి

ఆడిట్ వచ్చినంతమాత్రాన సమస్య తీరిపోలేదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికన్ రెడ్‌క్రాస్‌కు 50 కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. అందులో కొంత భాగాన్ని ముందుముందు అవసరాలకు దాచాలని సంస్థ తలచింది. బాధితుల కోసం ఇచ్చామని జనం గగ్గోలు పెట్టారు. నవంబరులో సంస్థ తన నిర్ణయం మార్చుకున్నది. 2010లో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు అదే సంస్థకు దాదాపు 48 కోట్ల 80 లక్షల డాలర్లు చేరాయి. 1,30,000 మందికి ఇళ్లు సమకూర్చామని సంస్థ చెప్పుకున్నది. 2015లో పత్రికా విలేఖరులు పరిశోధించి, సంస్థ కట్టిన శాశ్వత గృహాలు ఆరు మాత్రమే అని రాశారు. మరమ్మతులు, అద్దె సాయం, తాత్కాలిక గుడిసెలు కూడా కలిపి చెప్పామని సంస్థ సమాధానమిచ్చింది. ఆడిట్ కాగితం ఉన్నా, ఇల్లు అన్న మాటకు దాత ఒక అర్థం, సంస్థ మరో అర్థం చెప్పుకున్నాయి. హైతీ ప్రజలను అడిగి ఉంటే వారు ఏ అర్థం చెప్పేవారు?

ఈ లోటును గుర్తించిన వారు లేకపోలేదు. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, ఇతర సహాయ సంస్థలు కలిసి పది సూత్రాల ప్రవర్తనా నియమావళి రూపొందించుకున్నాయి. ఇచ్చినవారికీ, పుచ్చుకున్నవారికీ సమానంగా జవాబుదారులమని తొమ్మిదవ సూత్రంలో ఒప్పుకున్నాయి. 2006లో 11 అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థలు జవాబుదారీతనంపై ఒక ఒడంబడిక చేసుకున్నాయి. మన దేశంలో విదేశీ విరాళాల మీద 1976లో చట్టం వచ్చింది. 2010లో దాని స్థానంలో మరొకటి వచ్చింది. 2020లో దానిని సవరించి, పాలనా ఖర్చులు విదేశీ విరాళాల్లో 20 శాతం మించరాదన్నారు. అంతకుముందు ఆ పరిమితి 50 శాతం. ఈ లెక్కలన్నీ ఏటా ఢిల్లీకి వెళ్తాయి. బోరు వేసిన ఊరికి, ఇల్లు కట్టిన వాడకు అదే లెక్క తెలుగులో చదివి వినిపించేవారు ఎందరు? సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత అబద్ధం కావాలంటే, ఎవరి పేర డబ్బు వచ్చిందో వారి ఎదుట లెక్క విప్పాలి.

పాఠకులారా, చందా అడగడానికి వచ్చినవారు ఏ సంస్థవారైనా సరే, ఇవ్వండి. ఇస్తూ మూడు మాటలు అడగండి. ఈ సొమ్ము ఎవరికి చేరుతుంది? చేరిందని ఎవరు చూశారు? మీ పుస్తకాలు తనిఖీ చేసేవారు ఎవరు? అడిగినందుకు సంకోచపడకండి. సంఘాలు, సంస్థలు నడిపేవారు ఆ ప్రశ్న విని నొచ్చుకోవద్దు. మన ఇంటి డబ్బు, సంఘం డబ్బు ఒకే డబ్బాలో వేయవద్దు. ఎంత మంచివాళ్లమైనా, పుస్తకం చూడటానికి బయటి మనిషిని పిలవాలి. క్లారా బార్టన్ 22,000 మందికి పైగా సైనికుల జాడ తీసి వారి ఇళ్లకు జవాబు పంపింది. డబ్బు విషయంలోనూ అలాంటి జవాబు ఒకటి రాసి ఉంచి ఉంటే, ఆమె చివరి ఏళ్లు మరోలా గడిచేవి.